చుక్క పథ్యం

పోయిన నెల డాక్టరమ్మ నా కాళ్లు రెండూ నొక్కి చూసి ఉప్పు మానెయ్యమంది. ఎంత మానాలమ్మా అని అడిగితే మొత్తం అంది. ఊరగాయ వద్దు, అప్పడం వద్దు, ఎండుచేప వాసన కూడా వద్దు, చివరికి మజ్జిగలో వేసుకునే చిటికెడు కూడా వద్దు. మర్నాడు కోడలు నాకు వేరే గిన్నెలో వండి పెట్టింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. మింగబుద్ధి కాలేదు, ఉమ్మేస్తే పిల్ల నొచ్చుకుంటుంది. ఆ ముద్ద అట్లా నోట్లో ఉండగానే ఒక మనిషి గుర్తొచ్చి కళ్లు నిండాయి. కూర బాగాలేదేమోనని కోడలు కంగారుపడింది.

ఆ మనిషి గురించి ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. దానికి కారణం ఉంది. ముందే చెబితే నన్ను తిట్టుకుంటూ కూర్చుంటారు గాని ఆయన గురించి వినరు. అందుకని అది చివర్లో చెబుతాను.

ఆయన పేరు నాకు తెలుసు, రాయను. అక్కడ కూడా ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ. వెనకాల 'చప్పిడాయన' అనేవాళ్లు. నేను పెద్దాయనా అని పిలిచేదాన్ని.

నయాపైసలు వచ్చిన కొత్తలో నాకు పెళ్లయింది. మాది సంగం పక్కన వ్యవసాయం ఇల్లు. పెన్నలో నీళ్లు తాగి, కయ్యల్లో వడ్లు చూసి పెరిగినదాన్ని. మా ఆయన కృష్ణపట్నం దగ్గర ఉప్పు కొఠారులో గుమాస్తా. తీసుకుపోయి ఉప్పుమళ్ల మధ్య రెండు గదుల ఇంట్లో దించారు. బావిలో నీళ్లు ఉప్పు, గాలి ఉప్పు, ఆరేసిన చీర ఉప్పు. తలుపు గొళ్లెం తుప్పు పట్టి చేతికి ఊడి వచ్చేది. కనుచూపు మేర తెల్లగా పోసిన ఉప్పు కుప్పలు, వాటిమీద కప్పిన తాటాకులు. పొద్దున తొమ్మిదికి మా ఆయన ఆఫీసుకు వెళితే మళ్లీ సాయంత్రం దాకా నాకు మాట్లాడే దిక్కు లేదు. మొదటి నెల రోజులూ ఏడుపుతోనే సరిపోయింది.

మా ఇంటికి ఎదురుగా ఇసుకదిబ్బ మీద బంగళా ఉండేది. తనిఖీకి వచ్చే ఆఫీసర్లు అందులో దిగేవాళ్లు. ఆ బంగళాకు వంటవాడు, కాపలావాడు, చెట్లకు నీళ్లు పోసేవాడు అన్నీ పెద్దాయనే. చేపలు పట్టే పాళెం మనిషి. పెళ్లాం పోయాక పాళెం వదిలేసి వంటింటి వెనక గదిలో ఉండిపోయాడట. అరవైకి దగ్గరపడిన వయసు, ఎండకు మాడిన ఒళ్లు, చెవులకు పోగులు, నడుముకు ఎప్పుడూ తడిగానే ఉండే తువ్వాలు.

దిగిన రెండో రోజు, మంచినీళ్లు ఎక్కడ దొరుకుతాయో కనుక్కుందామని బిందె చంకన పెట్టుకుని బంగళా వెనక్కి వెళ్లాను. పెద్దాయన మెట్టు మీద కూర్చుని, ఒళ్లో పళ్లెం పెట్టుకుని, ఉడికిన చేపలోంచి ముళ్లు తీస్తున్నాడు. కళ్లు మూసుకుని తీస్తున్నాడు. రెండు బారల దూరంలో లేత గోధుమరంగు కుక్క ఒకటి ముందుకాళ్ల మీద మూతి ఆనించి పడుకుని ఉంది. దాని నుదుటిమీద తెల్లటి మచ్చ.

"ఎవరికి పెద్దాయనా పథ్యం? ఇంట్లో బాలింత ఉందా?" అన్నాను.

కళ్లు తెరవకుండానే "ఉండాదమ్మా, అదో" అని గడ్డంతో చూపించాడు. చూపించినవైపు కుక్క తప్ప ఎవరూ లేరు.

ఎంత నవ్వానంటే బిందె జారి కింద పడింది. మా ఊళ్లో కుక్కకు ఎంగిలాకు విసరడం తెలుసు, కోతలప్పుడు కయ్యలో ఎలుకను పట్టుకుని అదే తినడం తెలుసు. కుక్కకు పొయ్యి రాజేసి వండి పెట్టడం అనే మాట నేను పుట్టి బుద్ధెరిగి వినలేదు. ఆయన నా నవ్వు అయిపోయేదాకా ఆగి "దీని పేరు చుక్క" అన్నాడు, ఇంటికి వచ్చిన మనిషికి ఇంట్లోవాళ్లను చూపించినట్టు.

చుక్కకు తెల్లవారగానే రాగిజావ. మధ్యాహ్నం దంపుడు బియ్యం జారుగా వండి, అందులో గుమ్మడికాయ ముక్కలు, గుప్పెడు మునగాకు, చిటికెడు పసుపు, ముళ్లు తీసిన చేప కలిపి మెదిపేవాడు. చేప ఉడికిన నీళ్లు పారబోయకుండా అన్నంలోనే పోసేవాడు. వారానికి రెండు కోడిగుడ్లు. ఎప్పుడైనా మేక కార్జం దొరికితే నీళ్లలో ఉడకబెట్టి గోరంత ముక్కలు చేసేవాడు. ఉల్లిపాయ దగ్గరికి రానిచ్చేవాడు కాదు. మిరపకాయ సంగతి చెప్పక్కర్లేదు. సముద్రం అంత దగ్గర పెట్టుకుని, చేప మాత్రం తోటపల్లి గూడూరు నుంచి వచ్చే బండివాళ్ల చేత తెప్పించేవాడు, కయ్యల కాలవల్లో పట్టిన మట్టగిడసలు. సముద్రం చేపను మూడు నీళ్లల్లో కడిగినా ఆయనకు నమ్మకం లేదు. ఎందుకంటే చుక్క కూటిలో ఉప్పు పడకూడదు. ఒక్క రవ్వ కూడా.

ముళ్లన్నీ తీశాక, కలిపిన ముద్దలోంచి కాస్త తీసి తన నోట్లో వేసుకుని నాలుకతో అటూ ఇటూ తిప్పి చూసేవాడు. "దాని గొంతు చిన్నది, నాది పెద్దది. ఇరుక్కుంటే నాకే ఇరుక్కోనీ" అనేవాడు. తర్వాత సొట్టలు పడిన పింగాణీ పూత రేకు పళ్లెంలో పెట్టి, దిష్టి తగులుతుందని ముఖం పక్కకు తిప్పుకుని కూర్చునేవాడు. చుక్క తిన్నాక గిన్నెలో మిగిలిందే తనూ తినేవాడు. రెండు వంటలెందుకమ్మా ఒక్క ప్రాణానికి, అనేవాడు. ఆయన లెక్కలో ఆ ఒక్క ప్రాణం ఎవరిదో నేను అడగలేదు. ఊరంతా ఉప్పు కుప్పలు, ఆయన తినేది చప్పిడి. చప్పిడాయన అని పేరు అట్లా వచ్చింది. విచిత్రం ఏమిటంటే ఆఫీసర్లు వచ్చినప్పుడు ఆయన పెట్టే చేపల పులుసులో ఉప్పు ఏనాడూ తూకం తప్పేది కాదు, అదీ రుచి చూడకుండా.

మంచినీళ్లు కావాలంటే సరుగుడు తోపు దాటి ఇసుకలో తవ్విన చెలమ దగ్గరికి పోవాలి. గంటకు రెండు బిందెలు ఊరితే గొప్ప. పాళెం ఆడవాళ్లందరూ అక్కడే వరస కట్టేవాళ్లు. పెద్దాయన కడవతో వస్తే మొదలయ్యేది.

"మనుసులకే తడి లేకుండా చస్తా ఉంటే కుక్క కూటికి మంచినీళ్లా? యాడన్నా ఉందా ఈ చోద్యం?" అని ఒకామె.

"నా వంతు నీళ్లే గదమ్మా అయి" అనేవాడు పెద్దాయన. "దానికి పోసి నేను బావినీళ్లు తాగుతుండా. మీకేం తగ్గింది?"

అది నిజం. ఆయన నిజంగానే ఆ ఉప్పునీళ్లు తాగేవాడు. ఆ మాట వినగానే ఆడవాళ్లకు ఇంకా కోపం వచ్చేది. త్యాగం చేసేవాణ్ణి చూస్తే మనకెందుకో ఒళ్లు మండుతుంది, నాకూ మండింది.

మెల్లగా మాకు మాటలు కలిశాయి. వంట అయిపోయాక నేను వెళ్లి ఆ మెట్టుకు కాస్త ఎడంగా కూర్చునేదాన్ని. ఒకరోజు ఎగతాళికే అడిగాను.

"ఉప్పు తిన్న విశ్వాసం అంటారు గదా పెద్దాయనా. ఉప్పే పెట్టకపోతే నీ కుక్కకు విశ్వాసం ఎక్కడినుంచి వస్తుంది?"

ఆయన పెద్దగా నవ్వడం ఆ ఒక్కసారే చూశాను. "కొఠారులో ఇంతమందిమి ఉప్పు తింటుండాం గదమ్మా. ఎవురికుండాది విశ్వాసం?" అన్నాడు.

తర్వాత అసలు సంగతి చెప్పాడు. నేను రావడానికి రెండేళ్ల ముందు చుక్కకు ఒళ్లంతా నీరు పట్టింది. పొట్ట ఉబ్బి, కాళ్లు వాచి, నాలుగడుగులు వేస్తే రొప్పేది. నెల్లూరు పశువుల ఆసుపత్రికి తీసుకుపోదామంటే బస్సులో కుక్కను ఎక్కించుకోం పొమ్మన్నారు. చేపల గంపలో కూర్చోబెట్టి, పైన తడిగోనె కప్పి, చేపలని చెప్పి బస్సు టాపు మీదికి ఎక్కించాడట. దారి పొడవునా తనూ టాపు మీదే కూర్చుని గంపలోకి చెయ్యి పెట్టి దాని మూతి పట్టుకున్నాడట, అరవకుండా. డాక్టరు చూసి దీని గుండె మంచిది కాదన్నాడు. ఉప్పు తగిలితే నీరు పడుతుంది, నీరు పడితే చస్తుంది, ఉప్పు మానిపిస్తే ఉన్నన్నాళ్లు ఉంటుంది అన్నాడు.

"డాక్టరు చెప్పింది అంతే. మిగతాదంతా నేను నేర్చుకున్నదే" అని, చుక్క వెనకకాలు ఒళ్లోకి తీసుకుని బొటనవేలితో నొక్కి వదిలాడు. "చూడమ్మా, గుంట పడలా. పడి అట్టే నిలిచిందంటే నీరు దిగిందని లెక్క." ప్రతి శుక్రవారం ఆ కాలు నొక్కి చూసుకునేవాడు. పెట్టే చేతికి జాలి ఉండకూడదమ్మా అని ఆయన అన్నది కూడా ఆరోజే. నాకు ఆ మాట మొరటుగా తోచింది.

ఆయన కళ్లు మూసుకుని ముళ్లు తీయడం పనితనం అనుకునేదాన్ని. అది కాదని తెలిసిన రోజు గుర్తుంది. మధ్యాహ్నం, నేను బియ్యం ఏరుకుంటుంటే బంగళా వైపు నుంచి గొంతు నులిమినట్టు దగ్గు వినిపించింది. పరుగెత్తాను. చుక్క ముందుకాళ్లతో మూతిని పీక్కుంటోంది, నోట్లోంచి నురగ. పెద్దాయన దాని దవడలు విప్పి చెయ్యి మణికట్టు దాకా లోపలికి దూర్చాడు. ఏ కుక్కయినా కరుస్తుంది. అది కరవలేదు. చెయ్యి బయటికి వచ్చేసరికి వేళ్లకు నెత్తురు, నెత్తురులో ముల్లు. ఆయన ఆ ముల్లును అరచేతిలో పెట్టుకుని కంటికి దగ్గరగా తెచ్చుకుని, దూరంగా పెట్టుకుని, చివరికి చెయ్యి నాకు చాపాడు.

"ఎంతుందమ్మా?"

"వేలెడుంది" అన్నాను. అప్పుడు చూశాను ఆయన కళ్లు. నల్లగుడ్ల మీద పాలమీగడ కట్టినట్టు తెల్లటి పొర. తెరిచినా మూసినా ఆయనకు ఒకటే.

మర్నాడే మా ఆయన దగ్గరికి వచ్చి సెలవు కాగితం రాయించుకున్నాడు. నెల్లూరు పెద్దాసుపత్రిలో శుక్లం తీయించుకుంటాడట. ఎన్నేళ్ల నుంచో పాళెంవాళ్లు చెబుతుంటే చావబోయే ముందు కళ్లెందుకన్న మనిషి, కుక్క గొంతులో ముల్లు గుచ్చుకుందని బయలుదేరాడు. ఊరంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఎందుకంటే కాగితం రాయించుకున్నాక ఆయన మా వాకిట్లోనే నిలబడిపోయాడు.

"ఇరవై దినాలు పడుద్దంటున్నారు అమ్మణ్ణీ. చుక్కను నువ్వు చూస్తానంటే పోతా. లేకుంటే పోను. పాళెంలో ఇచ్చిపెడితే ఉప్పుచేప తల పడేస్తారు, వారానికి ఉండదది."

నన్ను నమ్మి అడిగాడని పొంగిపోయాను. మూడు రోజులు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పించాడు. బియ్యానికి ఎన్ని నీళ్లు, మునగాకు ఎప్పుడు వెయ్యాలి, చేప వెన్ను పక్కన కనిపించని ముళ్లు ఎక్కడుంటాయి, నా వేళ్లు పట్టుకుని చూపించాడు. బస్సెక్కే ముందు చివరగా చెప్పింది ఒక్కటే. "తినకుండా కూర్చుంటది. కూర్చోనీ. అది చూసే చూపుకు మనసు కరిగిపోద్ది. కరగబాక." చుక్క బస్సు వెనకాల మలుపు దాకా పరుగెత్తి, రొప్పుతూ తిరిగి వచ్చింది.

ఆయన చెప్పినట్టే అయింది. మొదటి రోజు పళ్లెం వాసన చూసి వెళ్లిపోయింది. రెండో రోజు వాసన కూడా చూడలేదు. బంగళా వంటింటి తలుపుకు వీపు ఆనించి పడుకుని, రోడ్డు మలుపు వైపు చూస్తూ ఉండేది. బతిమాలాను, ఒళ్లో పెట్టుకున్నాను, తిట్టాను. నాలుగో రోజుకు పక్కటెముకలు లెక్కపెట్టేట్టు కనబడసాగాయి. నాకు భయం పట్టుకుంది. ఆయన కళ్లు తెచ్చుకుని వచ్చేసరికి ఇది చచ్చి ఉంటే ఏం మొహం చూపించాలి?

ఇంకొక సంగతి కూడా ఉంది. మా ఇళ్లలో చప్పిడి కూడు అంటే చావు ఇంటి కూడు. మా నాయన పోయినప్పుడు కర్మ అయ్యేదాకా మా అన్న ఆ మెతుకులు తినడం చూశాను. ఆ వాసన ఇప్పుడు నా పొయ్యి మీంచి, కొత్త కాపురం పొయ్యి మీంచి, నాలుగు రోజులుగా వస్తోంది. బతికున్న ప్రాణికి ఆ కూడు పెడుతున్నానని ప్రతిపూటా నా చెయ్యి జంకేది. పిండం ముట్టని కాకి ముందు నిలబడినట్టు ఆ పళ్లెం పట్టుకుని నిలబడేదాన్ని. పెద్దాయన వండినన్నాళ్లూ అది నాకు పథ్యంగా కనిపించింది, నేను వండేసరికి పిండాకూడై కూర్చుంది.

అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు అందిట ఉప్పు. ఐదో రోజు మధ్యాహ్నం వేశాను. చిటికెడు, నిజంగా చిటికెడే.

చుక్క లేచి వచ్చింది. వాసన చూసింది. ఒక్క మెతుకు లేకుండా తిని, పింగాణీ పళ్లెం నాకి, నా చెయ్యి నాకింది. నేను ఆ మెట్టు మీదే కూర్చుని ఆనందంతో ఏడ్చాను. డాక్టర్లు వెయ్యి చెబుతారు, కడుపు మాడ్చుకుని చచ్చేదానికంటే ఇది నయం కాదా అనుకున్నాను. ఆ పూటకు నేను చేసింది తప్పని ఇప్పటికీ అనలేను.

కానీ ఆ పూటతో ఆపలేదు. మర్నాడు రెండు పూటలా వేశాను. ఆ వారం చివరికి ఉప్పుచేప తల నిప్పుల మీద కాల్చి నంజుకు పెట్టాను. చుక్క బంగళా తలుపు వదిలేసి మా వసారాలోకి మకాం మార్చింది. చెలమకు పోతే వెంట వచ్చేది, మధ్యాహ్నం నేను పడుకుంటే నా కాళ్ల దగ్గర పడుకునేది. నిజం చెప్పాలంటే ఆ ఉప్పులో జాలి సగమే. మిగతా సగం, అది నా వెంట తిరగాలని. ఆ ఎడారిలో నాకంటూ ఒక ప్రాణి ఉండాలని. ఎగతాళికి అన్న ఉప్పు తిన్న విశ్వాసాన్ని నేనే కొనుక్కున్నాను.

రెండు వారాలకు ఒళ్లు చేసింది. పొట్ట గుండ్రంగా తేలింది, కాళ్లు లావెక్కాయి. మా ఆయనతో గొప్పగా అన్నాను కూడా, "చూశారా, పెద్దాయన చేతిలో పుల్లలాగా ఉండేది. నా చేతిలో ఎట్లా తేరుకుందో!" నీ చేతి మహిమ అన్నారు మా ఆయన. నీళ్లు తెగ తాగేది. మంచి దాహం, మంచి ఆరోగ్యం అనుకున్నాను. పెద్దాయన శుక్రవారం శుక్రవారం కాలు నొక్కి చూసేది గుర్తొచ్చి ఒకసారి నొక్కాను. గుంట పడింది. కొత్తగా పట్టిన కండ గదా, లేతగా ఉందనుకున్నాను. మా వైపు ఆడవాళ్లకు లావెక్కడం అంటే సుఖపడటమే. పెద్దాయన చెప్పిన అర్థం నా బుర్రకు ఎక్కలేదు.

ఇరవై మూడో రోజు మధ్యాహ్నం బస్సు దిగాడు. సీసా అడుగంత మందం కళ్లద్దాలు. మా వాకిట్లోకి వచ్చి నన్ను చూసి ఆగిపోయాడు.

"నువ్వేనా అమ్మణ్ణీ? ఇంత చిన్నబిడ్డవా నువ్వు! గొంతు విని పెద్దామె అనుకున్నానే" అన్నాడు.

అంతలో చుక్క ఆయన గొంతు విని వసారాలోంచి పరుగు తీసింది. సగం దూరం వచ్చి ఆగిపోయింది. నిలబడి రొప్పి, మళ్లీ నాలుగడుగులు వేసి, మళ్లీ ఆగింది. "ఎంత ఒళ్లు చేసిందో చూడు పెద్దాయనా" అన్నాను. ఆయన ఎదురువెళ్లి గొంతుకూర్చున్నాడు. కళ్లద్దాలు తీసి నేలమీద పెట్టి, కళ్లు మూసుకుని, వెనకకాలు ఒళ్లోకి తీసుకుని నొక్కి వదిలాడు. గుంట నిలిచిపోయింది, పిండిముద్దలో వేలు దించినట్టు. రెండో కాలు నొక్కాడు. పొట్ట కింద చెయ్యి పెట్టి మెల్లగా ఎత్తి చూశాడు. అప్పుడు నాకు అర్థమైంది. ఒక్కసారిగా, మొత్తం.

కళ్లద్దాలు పెట్టుకుని నా ముఖంలోకి చూశాడు.

"ఉప్పేసినావా అమ్మణ్ణీ?"

"లేదు" అన్నాను. నా నోరు నాకంటే ముందు అనేసింది. "నువ్వు చెప్పినట్టే చేశాను."

"అట్టనా" అన్నాడు. చుక్కను రెండు చేతులా ఎత్తుకుని దిబ్బ ఎక్కాడు.

మళ్లీ గంపలో పెట్టుకుని నెల్లూరు పోయి వచ్చాడు. డాక్టరు ఏవో మాత్రలు ఇచ్చి, గుండె అలిసిపోయింది, ఇక పథ్యానికి లొంగదన్నాడట. అయినా ఆయన పొయ్యి ఆర్పలేదు. చెలమ నుంచి నీళ్లు, దంపుడు బియ్యం, మునగాకు, చేప, అన్నీ మామూలే. కళ్లు వచ్చాయి గదా, ముల్లు ముల్లూ చూసి తీసేవాడు. తీసిన ముళ్లన్నీ బండమీద వరసగా పెట్టేవాడు. చుక్క తినేది కాదు. మెదిపిన కూడు వేలితో దాని చిగుళ్ల మీద రాసేవాడు. అదంతా నేను మా వంటింటి కిటికీలోంచి చూసేదాన్ని. దిబ్బ ఎక్కడానికి నాకు కాళ్లు రాలేదు.

పదకొండో రోజు తెల్లవారుతుండగా పోయింది. సరుగుడు తోపులో గొయ్యి తీసి గంపతో పాటే పూడ్చాడు. చెలమ దగ్గర ఆడవాళ్లు అడిగితే "నా మీద దిగులు పెట్టుకుని పోయిందమ్మా. కండ్లకని నేను పోకుండా ఉండాల్సింది" అన్నాడు. నేను ఆ వరసలోనే ఉన్నాను, బిందె చంకన పెట్టుకుని. నా వంతు రాగానే ముంచుకుని ఇంటికి వచ్చేశాను.

ఆ తర్వాత ఆయన ఆ మెట్టుమీద కూర్చోవడం నేను చూడలేదు. ఏడాది తిరక్కుండా మా ఆయనకు బదిలీ అయింది. పెద్దాయన ఎప్పుడు పోయాడో, ఎవరు పక్కన ఉన్నారో నాకు తెలియదు. కనుక్కోవచ్చు. కనుక్కోలేదు.

బదిలీ కాగితం వచ్చిన వారంలోనే ఒక మధ్యాహ్నం ఆయన మా వాకిట్లోకి వచ్చాడు, ఎప్పుడో ఇచ్చిన నా ఇత్తడి గిన్నె తిరిగి ఇవ్వడానికి. ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నాను. ఇక ఈ మనిషిని చూడబోనని తెలిసేసరికి లోపల కట్టిపెట్టుకున్నదంతా గొంతులోకి వచ్చింది.

"పెద్దాయనా, ఆరోజు ఉప్పు..." అన్నాను.

చెయ్యి అడ్డం పెట్టాడు. "ఏయలేదన్నావు గదమ్మా."

"అన్నాను. కానీ..."

"అంటే అంతే. ఆ మాట మీదే ఉండు."

అని, వెళ్లిపోకుండా గడప అవతల కూర్చున్నాడు. కళ్లద్దాలు తీసి తువ్వాలుతో తుడుస్తూ, నా వైపు చూడకుండా చెప్పాడు.

"మా ఆడది నీరుపట్టి మంచాన పడింది. దానికీ ఉప్పు మానమనే చెప్పినాడు డాక్టరు. ఒక్క ఎండుచేప ముక్క నాలిక్కి రాయమని నా కాళ్లు పట్టుకుని ఏడ్చేది. పెట్టినా. ఒక దినం గాదు, పెడతానే ఉన్నా. డాక్టరు అడిగితే పెట్టలా అన్నా. దాని తోడబుట్టినోళ్లు వచ్చి అడిగితే పెట్టలా అన్నా. ఇరవై ఏండ్ల పైమాటే. ఎవురికీ చెప్పలా."

ఆయన కళ్లద్దాలు పెట్టుకుని లేచాడు.

"చెప్పేస్తే బరువు దిగిపోద్దనుకుంటుండావు నువ్వు. అనుకోబాక. ఇప్పుడు నీకు చెప్పినా గదా అమ్మణ్ణీ. ఏం దిగలే."

గిన్నె గడప మీద పెట్టి వెళ్లిపోయాడు. మా ఆయన సాయంత్రం వచ్చి ఎవరొచ్చారని అడిగితే ఎవరూ రాలేదన్నాను. మా ఆయన పోయేదాకా కూడా ఈ సంగతి ఆయనకు చెప్పలేదు. ఇన్నేళ్లకు, ఇదిగో, మీకు చెప్పాను. పెద్దాయన అన్నది నిజమే.